దీవిలో ఫోన్ మూగబోతే: వెళ్లేవాళ్లూ ఇంట్లో ఉండేవాళ్లూ ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఒకప్పుడు మన కాటన్‌పేట ఇళ్లలో సెలవులంటే సొంతూరు, తిరుపతి, మంత్రాలయం. ఇప్పుడు పిల్లలు అండమాన్ అంటున్నారు, లక్షద్వీప్ అంటున్నారు. కొత్త జంటలే కాదు, రిటైరైన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్తున్న కుటుంబాలూ ఉన్నాయి. మెజెస్టిక్‌లో ఎయిర్‌పోర్టు బస్సెక్కి, విమానంలో ఇంచుమించు మూడు గంటలు కూర్చుంటే శ్రీ విజయపురం. 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన ఊరు అదే.

అక్కడికి చేరడం తేలికైంది. చేరామని ఇంటికి చెప్పడం మాత్రం అన్ని దీవుల నుంచీ అంత తేలిక కాలేదు. ఫోన్ కలవని ఒకటి రెండు రోజులు ఇంట్లో పెద్దవాళ్లకు నిద్ర ఉండదు. ఆ సందు కోసం కాచుకుని ఉండే మోసగాళ్లూ ఉన్నారు. అందుకే దీవుల్లో నెట్‌వర్క్ ఎందుకలా ఉంటుందో, బయలుదేరే ముందు ఏమేం చూసుకోవాలో, వెళ్లేవాళ్లకూ ఇంట్లో ఉండేవాళ్లకూ కలిపి ఇక్కడ చెబుతున్నాం.

గీతలు నిండుగా ఉన్నా పేజీ ఎందుకు తెరుచుకోదు?

ఫోన్ మీద కనిపించే సిగ్నల్ గీతలు ఒక్క సంగతే చెబుతాయి: మన ఫోన్‌కూ దగ్గర్లోని టవర్‌కూ మధ్య మాట కలిసిందని. ఆ టవర్ నుంచి మన సందేశం దేశంలోని మిగతా నెట్‌వర్క్‌కు చేరడానికి ఇంకో దారి కావాలి. బెంగళూరులో ఆ దారులు లెక్కలేనన్ని, భూమిలో వేసిన ఫైబర్ తీగలు. ఒకటి తెగితే ఇంకోటి. దీవిలో అలా కాదు. చుట్టూ సముద్రం. ఉన్న దారులు ఒకటో రెండో.

కొన్నేళ్ల క్రితం కాటన్‌పేట మెయిన్ రోడ్డు తవ్వి పెట్టినప్పుడు మనం చూశాం కదా. ఇంటి ముందు బండి సిద్ధంగానే ఉంటుంది, పెట్రోలూ ఉంటుంది, కానీ మైసూరు రోడ్డుకు చేరడానికి దారే లేదు. దీవిలో సిగ్నల్ గీతలు నిండుగా ఉండి వాట్సాప్ మాత్రం గిరగిరా తిరుగుతూ ఉండిపోతే జరిగేదీ ఇదే. ఫోన్ బాగానే ఉంది, టవరూ బాగానే ఉంది, ముందుకు పోయే దారే ఇరుకైంది. అలాంటప్పుడు ఫోన్‌ను పదిసార్లు ఆపి ఆన్ చేసినా ప్రయోజనం ఉండదు.

సముద్రం అడుగున వేసిన తీగ

2020 వరకు అండమాన్ నికోబార్ దీవుల ఫోన్లకూ ఇంటర్నెట్‌కూ ఉపగ్రహమే ఆధారం. ఆ ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట అక్కడిదాకా వెళ్లి కిందికి దిగడానికే పావు సెకను పడుతుంది. ఆలస్యం కన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. ఉపగ్రహం మోయగల డేటా తక్కువ, పంచుకునే జనం ఎక్కువ.

చెన్నై నుంచి సముద్రం అడుగున ఫైబర్ తీగ వేసే పనికి 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న దాన్ని ప్రారంభించారు. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు 1,200 కోట్ల రూపాయలకు పైగా. పని జరిపించింది బి.ఎస్.ఎన్.ఎల్. ఈ తీగ పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్), లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్‌లను కలుపుతుంది. లక్షద్వీప్‌కు కొచ్చి నుంచి ఇలాంటిదే ఇంకో తీగ వేశారు. 1,868 కిలోమీటర్ల ఆ తీగ 11 దీవులకు వెళ్తుంది. అది 2024 జనవరి 3న కవరత్తిలో ప్రారంభమైంది.

దీనివల్ల పెద్ద ఊళ్లలో పరిస్థితి చాలా మారింది. శ్రీ విజయపురంలో వీడియో కాల్ ఇప్పుడు మామూలు విషయం. కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, తీగ చేరిన దీవుల జాబితా చిన్నది. టూరిస్టులు ఎక్కువగా వెళ్లే షహీద్ ద్వీప్, అంటే నీల్, పై జాబితాలో లేదు. అలాంటి చోట్లకు సిగ్నల్ మైక్రోవేవ్ ద్వారానో ఉపగ్రహం ద్వారానో చేరాలి. రెండోది, సముద్రం కింద తీగ పాడైతే రోడ్డు పక్క గుంత తవ్వి అతికించినట్టు కాదు. ప్రత్యేకమైన ఓడ రావాలి, తీగను పైకి తీయాలి, అతకాలి. రోజులు పడుతుంది. అప్పటిదాకా అందరూ మళ్లీ ఆ ఇరుకు దారిలోనే సర్దుకోవాలి.

చిన్న సందేశానికి ఉన్న బలం

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నర సమయంలో సుమత్రా దగ్గర భూకంపం వచ్చి, వెంటనే సునామీ అండమాన్ నికోబార్ మీద పడింది. ఫోన్లు పోయాయి. ఆ రోజుల్లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం ఒకటి, భారతీ ప్రసాద్ నాయకత్వంలో, హ్యామ్ రేడియో కార్యక్రమం కోసం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ప్రపంచంలోని రేడియో అభిరుచి ఉన్నవాళ్లతో సరదాగా మాట్లాడడానికి తీసుకెళ్లిన ఆ సెట్లే ఆ వారం ప్రాణాధారమయ్యాయి. ఫలానావారు క్షేమం, ఫలానా చోట ఉన్నారు అనే కబుర్లు దీవుల నుంచి ప్రధాన భూభాగానికి వాటి మీదుగా వెళ్లాయి.

ఆ కబుర్లలో ఫొటోలు లేవు, వీడియోలు లేవు. పేరు, చోటు, క్షేమం, అంతే. మన పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయేదాకా నాలుగు మాటల్లో ఇంటి సంగతంతా చెప్పిన తరం వాళ్లది. దీవికి వెళ్లేటప్పుడు పిల్లలు నేర్చుకోవాల్సింది ఆ పద్ధతే.

లెక్క చూడండి. అక్షరాలతో రాసిన సందేశం ఒక కిలోబైటు కూడా ఉండదు. ఒక ఫొటో దానికి వందల రెట్లు, చిన్న వీడియో వేల రెట్లు. ఇరుకు దారిలో లారీ ఇరుక్కుంటుంది, సైకిల్ దూరిపోతుంది. డేటా అసలే లేనిచోట కూడా మామూలు ఎస్.ఎం.ఎస్. చాలాసార్లు వెళ్తుంది, ఎందుకంటే దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. అయితే ఒక ఎస్.ఎం.ఎస్.లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే తెలుగు లిపిలో 70 మాత్రమే పడతాయి. గుణింతాలూ ఒత్తులూ కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. కాబట్టి పొట్టిగా రాయండి: "నీల్ చేరాం. అందరం క్షేమం. రేపు రాత్రి ఫోన్."

బయలుదేరే ముందు

సిమ్: దూరపు దీవుల్లో ఎక్కువగా కనిపించేవి బి.ఎస్.ఎన్.ఎల్. టవర్లే. కుటుంబంలో నలుగురు వెళ్తుంటే నలుగురికీ ఒకే కంపెనీ సిమ్ ఉండడం కన్నా, ఒక్కరి ఫోన్‌లోనైనా రెండో సిమ్‌గా బి.ఎస్.ఎన్.ఎల్. ఉండడం మేలు. ఇక్కడే తీసుకుని, పనిచేస్తోందో లేదో చూసుకుని వెళ్లండి.

బ్యాంకు నంబరు: చాలా ఇళ్లలో అందరి ఖాతాలకూ నాన్నగారి నంబరే ఉంటుంది. పిల్లవాడు దీవిలో కార్డు గీకుతాడు, ఓ.టి.పి. కాటన్‌పేటలో నాన్నగారి ఫోన్‌కు వస్తుంది. వెళ్లే మనిషి ఖాతాకు ఆ మనిషి నంబరే ఉండేలా ముందుగా మార్పించుకోండి. ఆ సిమ్‌ను ఇంట్లో వదిలి వెళ్లకండి.

డబ్బు: నెట్ లేకపోతే క్యూ.ఆర్. కోడ్ బొమ్మతో సమానం. చిన్న దీవుల్లో ఏ.టి.ఎం.లు తక్కువ. రెండు రోజుల ఖర్చుకు సరిపడా నోట్లు చేతిలో ఉండాలి. ఇంటర్నెట్ లేకుండా *99# ద్వారా ఒక్కోసారి 5,000 రూపాయల వరకు పంపవచ్చు. దానికి కాల్ సిగ్నల్ చాలు. అయితే బ్యాంకుకు ఇచ్చిన నంబరు నుంచే చేయాలి, ఇంట్లో ఉండగానే ఒకసారి వాడి చూడాలి.

మ్యాపు: గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ లేకపోయినా, ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నా, జి.పి.ఎస్. మనం ఎక్కడున్నామో చూపిస్తుంది. ఊళ్ల పాత పేర్లూ కొత్త పేర్లూ రెండూ రాసిపెట్టుకోండి, బోర్డుల మీద ఒకటి, టికెట్ల మీద ఇంకోటి కనిపించవచ్చు.

కాగితాలు: విమానం, ఫెర్రీ టికెట్లు, హోటల్ బుకింగు, ఆధార్ ఒక జత ప్రింటు తీసి పెట్టెలో పెట్టండి. లక్షద్వీప్‌కైతే ప్రవేశ అనుమతి పత్రం కూడా.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవులకు వచ్చి మనతో పాటు బయలుదేరే బంధువులకు ఒక హెచ్చరిక. తురాయా, ఇరిడియం ఉపగ్రహ ఫోన్లను అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోవడం, వాడడం నేరం. ఉపగ్రహం మీదుగా సందేశాలు పంపే చిన్న ట్రెక్కింగ్ పరికరాలతో విమానాశ్రయాల్లో పట్టుబడ్డ వాళ్లున్నారు. అక్కడ కొన్నది ఇక్కడ చెల్లుతుందనుకోవద్దు.

అక్కడ ఉన్నప్పుడు

చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడలో వెళ్తే ఒడ్డు కనుమరుగైన కొంతసేపటికే సిగ్నల్ పోతుంది, రెండున్నర మూడు రోజులు తిరిగి రాదు. ఫోన్ టవర్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. క్రూయిజ్ ఓడల్లో అయితే ఇంకో చిక్కు ఉంది. ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు ఫోన్ తనంతట తానే తగులుకుంటే బిల్లు వాచిపోతుంది. డేటా రోమింగ్ ఆపి ఎక్కండి.

శ్రీ విజయపురం నుంచి బారాటాంగ్ వెళ్లే రోడ్డు జరావాల అభయారణ్యం గుండా పోతుంది. బండ్లన్నీ కాన్వాయ్‌గా వెళ్తాయి. దారిలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. జరావాలను ఫొటో తీయడం, వీడియో తీయడం శిక్ష పడే నేరం. ఆ కాసేపు ఫోన్ సంచిలో ఉండడమే మంచిది.

ఆపదలో 112కు కాల్ చేయండి. మన సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా, అక్కడ ఇంకే కంపెనీ టవర్ ఉన్నా దాని మీదుగా ఆ కాల్ వెళ్తుంది. ఏ టవరూ లేనిచోట మనిషే దిక్కు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలుగులో పలకరించి చూడండి, చాలాచోట్ల తెలుగులోనే జవాబు వస్తుంది. మూడు తరాలుగా బెంగళూరులో ఉండి మనం ఎలా తెలుగువాళ్లమో, వాళ్లూ అక్కడ అలాగే.

ఇంట్లో ఉన్నవాళ్లకు

ఒక కాగితం మీద ఇవి రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి: ఏ రోజు ఏ దీవిలో, హోటల్ పేరు, దాని ల్యాండ్‌లైన్ నంబరు, ఫెర్రీ వేళలు. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతపు ఎస్.టి.డి. కోడ్ 03192, లక్షద్వీప్‌లోని కవరత్తిది 04896. బెంగళూరులో కూర్చుని 112 కొడితే ఆ కాల్ కర్ణాటక పోలీసులకే వెళ్తుంది. కాబట్టి అక్కడి పోలీసు స్టేషన్ నంబరు కూడా ఆ కాగితం మీద ఉండాలి.

కబురు ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు రాకపోయినా కంగారుపడనక్కర్లేదో ముందే మాట్లాడుకోండి. "మంగళవారం మధ్యాహ్నం నుంచి బుధవారం రాత్రి దాకా ఫోన్ ఉండదు, గురువారం పొద్దున తొమ్మిదికీ రాకపోతే హోటల్‌కు చేయండి" అని ఒక గీత గీసుకుంటే, ఆ గీతకు ఇవతల ఎవరూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు, దాటాక ఎవరూ మొహమాటపడనక్కర్లేదు. వాట్సాప్‌లో ఒక్క టిక్కు మాత్రమే కనబడితే సందేశం అవతలి ఫోన్‌కు చేరలేదని అర్థం. అంతకు మించి ఊహించుకోవద్దు.

ఇక మోసాల సంగతి. పిల్లలు ఫలానా చోటికి వెళ్లారని ఫొటోలు చూసి తెలుసుకుని, వాళ్ల ఫోన్ కలవని వేళ చూసి, "మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది, ఆస్పత్రిలో డబ్బు కట్టాలి" అని ఫోన్ చేసేవాళ్లున్నారు. ఫోన్ కలవదు కాబట్టి నిజమో కాదో కనుక్కునే దారి ఉండదు. దీనికి మందు చిన్నది. ఇంటిల్లిపాదికీ మాత్రమే తెలిసిన ఒక మాట అనుకోండి. తాతయ్య ఊళ్లోని ఆవు పేరైనా సరే. ఆ మాట చెప్పలేని వాళ్లకు రూపాయి పంపవద్దు. ఒకవేళ పంపేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఫొటోలు తిరిగి వచ్చాక పెట్టుకోవచ్చు. బయలుదేరే ముందు రోజు రాత్రి ఒక పావుగంట అందరూ కూర్చుని ఆ కాగితం నింపండి. ఆ ఇంటి మాట మాత్రం కాగితం మీద రాయకండి.