అంటుకొనిపోయిన హీట్‌సింకును క్షేమముగా తీయు విధము

కంప్యూటరు తెరమీద బొమ్మలను చూపు పనికై లోపల నమర్చబడిన పలకను గ్రాఫిక్స్ కార్డందురు. దాని నడుమనుండు చిప్పు పనిచేయునపుడు మిక్కిలి వేడెక్కును. ఆ వేడిని గ్రహించి గాలిలోనికి విడుచుటకై అల్యూమినియముతోగాని రాగితోగాని చేసిన ఱెక్కల దిమ్మను దానిపై నుంచుదురు. దీనికే హీట్‌సింకని పేరు.

ఎంత నునుపు చేసినను చిప్పునకును దిమ్మకును నడుమ కంటికి కానరాని సందులుండును. వానిలో గాలి నిలుచును. రాగి వేడిని గాలికంటె పదివేల రెట్లకు మించి ప్రసరింపజేయును; కావున ఆ కొద్దిపాటి గాలియే గొప్ప అడ్డగును. దానిని తొలగించుటకు థర్మల్ పేస్టను ముద్దను పూయుదురు. కొన్ని సంవత్సరములకు ఆ ముద్ద యెండి గట్టిపడును. అప్పుడు వేడి చక్కగా పోదు, ఫ్యాను రొదచేయును, తెరమీది బొమ్మ తడబడును. క్రొత్త పేస్టు పూయుటకు దిమ్మను తీయవలెను. కాని యెండిన ముద్ద దానిని విడువదు.

ఇచ్చటనే అపాయమున్నది. చిప్పు క్రింద వందలకొలది టంకపు బిందువులు దానిని పలకకు పట్టియుంచును. దిమ్మను నిట్టనిలువుగా లాగినచో ముద్ద వీడక, ఆ బిందువులే తెగవచ్చును. అట్లు తెగినదానిని మనబోటివారు మరల నతుకజాలరు.

ఈ సంగతి నేను నష్టపడి నేర్చుకొంటిని. కొన్నేండ్ల క్రిందట ఒకరు దయతో నిచ్చిన పాత కంప్యూటరును బాగుచేయ బూనుకొంటిని. మరలన్నియు తీసితిని, దిమ్మ కదలలేదు. ప్రక్కనున్న బాలుడొకడు, “మాస్టరుగారూ, కొంచెము వేడిచేసి చూతమా అండీ?” యనెను. పిల్లలెదుట వెనుదీయుట చిన్నతనమని తలచి, నేను వాని మాట వినక పైకి లాగితిని. టక్కుమని శబ్దమైనది. దిమ్మతోకూడ చిప్పును ఊడివచ్చెను. దానిపై చిత్రములు గీయ నేర్చుకొనుచుండిన పిల్లలకు ఆ యేడు ఆ యభ్యాసము లేకపోయెను. ఆ బాలుని మాటయే సరియైనదని పిదప తెలిసికొంటిని.

చేయవలసిన క్రమమిది. మొదట కంప్యూటరును పది పదునైదు నిమిషములు బొమ్మల పనిలో నడుపవలెను. చిప్పు వేడికి ముద్ద మెత్తబడును. పిమ్మట కంప్యూటరు నాపి, కరెంటు తీగను ఊడదీసి, మిగిలిన విద్యుత్తు పోవుటకై మీటను ఒకమారు నొక్కవలెను. పెట్టె యొక్క లోహభాగమును తాకి, కార్డును అంచులయందే పట్టుకొని తీయవలెను. కార్డు పనిచేయని యెడల, తల యార్చుకొను హెయిర్ డ్రయ్యరును జానెడు దూరమున నుంచి దిమ్మను కొన్ని నిమిషములు వేడిచేయవచ్చును. చేయి యోర్వలేనంత వేడి కూడదు.

తరువాత వెనుకనున్న మరలన్నియు తీయవలెను. కొన్ని కాగితపు ముద్రల క్రింద దాగియుండును. ఫ్యాను తీగనుకూడ మఱవరాదు.

ఇప్పుడు దిమ్మను రెండు చేతులతో పట్టి, పైకి లాగక, కుడికి ఎడమకు కొద్దికొద్దిగా త్రిప్పవలెను. తడిసిన రెండు గాజుపలకలను ఎదురెదురుగా లాగినచో రావు. ప్రక్కకు జరిపినచో సులభముగా జారును. ఇదియు నట్టిదే. ముద్ద వీడిన పిదపనే పైకెత్తవలెను. స్క్రూడ్రైవరుతో పెకలించుట యెన్నడును కూడదు. చిప్పు మూల పగులును, చుట్టునున్న చిన్న భాగములు రాలును.

అప్పటికిని రానిచో, కార్డు చల్లారిన తరువాత అంచులవెంబడి ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొన్ని చుక్కలు వేసి, కొంతసేపు ఓర్చి, మరల త్రిప్పవలెను. అది త్వరగా నంటుకొను ద్రవము గనుక దీపమును, హెయిర్ డ్రయ్యరును దూరముగా నుంచవలెను.

దిమ్మ వచ్చిన పిదప, అదే ద్రవముతో తడిపిన మెత్తని గుడ్డతో పాత ముద్దను తుడిచి, క్రొత్తదానిని చిప్పు ముఖమంతయు కప్పునట్లు పలుచగా పూయవలెను. జ్ఞాపక చిప్పులపై మెత్తని పట్టీలుండినచో, చిరిగినవానికి బదులు అంతే మందముగలవానిని వేయవలెను. మరలను ఒకమూల తరువాత దాని యెదుటి మూలను, కొంచెముకొంచెముగా బిగింపవలెను.

ఇన్ని చేసినను దిమ్మ కదలనిచో, అది జిగురుతోనే అతికింపబడియుండవచ్చును. అట్టిదానిని విడిచిపెట్టి, ఱెక్కలలోని దుమ్మును బ్రష్షుతో దులిపినను కొంత మేలు కలుగును. పనిని ఆపవలసినచోట ఆపుటయు పనితనమే.