సూరచేప పొట్టలో ఏముంది?

మా ఇల్లు అబిడ్స్‌కూ నాంపల్లి స్టేషనుకూ నడుమ ఒక సందులో, రెండో అంతస్తు మీద. ఈ పేటలో చేప అంటే మృగశిర కార్తె నాడు ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం రోగుల గొంతులోకి జారే కొరమీను పిల్లే గుర్తుకు వస్తుంది. మేము సముద్రం చూడాలంటే సాయంత్రం రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేయాలి. అటువంటి చోట, కిందటి సంక్రాంతి పండుగకు, బంగాళాఖాతపు చేపల చెవిరాళ్ళు కొన్ని మా పిట్టగోడ మీద నా చేతులారా పావురాల పాలైనాయి. అదెట్లా జరిగిందో చెప్పేముందు మా అమ్మాయి చదువు సంగతి చెప్పాలి.

ఆ చదువుకు మూలకారణం నేనే. ఆదివారం నాడు అబిడ్స్‌లో దుకాణాలు మూసివేస్తే వాటి ముందు పాత పుస్తకాలు పరుస్తారు గదా. పదేళ్ళప్పుడు అక్కడ అట్ట ఊడిన చేపల బొమ్మల పుస్తకం ఒకటి కావాలని పేచీ పెట్టింది. యాభై రూపాయలు చెబితే ముప్పైకి బేరమాడి, గెలిచానని సంతోషించాను. డిగ్రీ పూర్తయ్యేసరికి అది విశాఖపట్నం వెళ్ళి సముద్ర జంతుశాస్త్రం చదువుతానన్నది. బ్యాంకు పరీక్ష రాయమన్నాను. రాయనన్నది. ముప్పై ఏళ్ళు లెక్కల గుమాస్తాగా పనిచేసినవాడిని, నాకు జమాఖర్చులే తెలుసు. ఈ చదువులో జమ నాకు కనిపించలేదు. మాకిద్దరికీ నెలరోజులు మాటలు లేవు. చివరకు వాళ్ళమ్మ పెట్టె సర్దింది.

అక్కడ అమ్మాయి చేస్తున్న పని సూరచేపల పొట్టలు కోసి చూడటమని తెలిసినప్పుడు మా ఆవిడ కూడా కాస్త తగ్గింది. పెళ్ళిసంబంధాల వాళ్ళు అడిగితే ఏమని చెప్పడం?

ఒకసారి చూసి వద్దామని వెళ్ళాను. ఇంకా చీకటి ఉండగానే చేపల రేవుకు తీసుకుపోయింది. సిమెంటు నేల మీద వరుసగా పడుకోబెట్టిన సూరలు, ఒక్కొక్కటి మన పిల్లవాడంత. ఇంగ్లీషులో టూనా అనేది వీటినే. వీటిలో పసుపురెక్కల సూరకు విదేశాలలో గిరాకీ. బేరమయినాక పొట్ట తీసి అవతల పడేస్తారు. మా అమ్మాయి బకెట్టు పట్టుకుని ఆ పారవేసిన దానికోసం నిలబడి ఉంది! ఒక ముసలి బెస్త నవ్వి, “మేం సేపనమ్ముకుంతన్నాం, నువ్వు దాని కూడు ఏరుకుంతన్నావేటి తల్లీ?” అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. అది మాత్రం నవ్వి, ఆయన చేతినుంచే మరో పొట్ట అందుకుంది.

ఆనాడు ప్రయోగశాలలో అమ్మాయి చూపినదాన్ని నాకు అర్థమైనంత మేరకు చెబుతాను. సూర ఈదటం ఆపితే దానికి ఊపిరాడదు. రాత్రింబవళ్ళు ఈదే జీవికి ఆకలి ఎక్కువ. నడిసముద్రంలో అది తినేది అంగుళం మొదలు జానెడు వరకు ఉండే చిన్న ప్రాణులను: చిరుచేపలు, స్క్విడ్లు, రొయ్యలు, ఈదే పీతలు. వీటిని వలవేసి లెక్కపెట్టబోతే, వల వస్తున్నదని తెలిసి చురుకైనవి తప్పుకుంటాయి. సూరనుంచి తప్పుకోవడం అంత సులువు కాదు. కాబట్టి శాస్త్రజ్ఞులకు సూర పొట్టే మంచి వల.

పొట్టలో మాంసం తొందరగా కరిగిపోతుంది. మిగిలేవి రెండు. చేప తలలో, చెవి స్థానంలో, సున్నపు రాళ్ళుంటాయి; ఒక్కో జాతికి ఒక్కో ఆకారం. చూడటానికి నూకల్లా ఉంటాయి. స్క్విడ్‌కు చిలకముక్కు వంటి గట్టి ముక్కుంటుంది. ఆ ముక్కు కొలిచి స్క్విడ్ ఎంతదో చెప్పవచ్చునట. గోరు చూచి మనిషి ఎత్తు చెప్పినట్లుంది గాని, నిజమే.

అయితే ఈ లెక్కలో మోసాలున్నాయి. గేలానికి గుచ్చిన ఎరను కూడా చేప తిన్న తిండిగా రాస్తే తప్పు. స్క్విడ్ ముక్కులు త్వరగా అరగవు, రోజుల తరబడి పొట్టలో ఉండిపోతాయి. వాటిని నిన్నటి భోజనంగా రాయటమంటే కిందటేటి నిలవను ఈ ఏటి రాబడిగా చూపటమే. ఈ మాట వినగానే, ఇది నా వృత్తేనే అనిపించింది!

2010లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు ఆంధ్ర తీరంలో పట్టిన పసుపురెక్కల సూరల ఆహారం మీద ఒక వ్యాసం ప్రచురించారు. ఈ చేప ఏరికోరి తినేది కాదనీ, అందిన చిరుజీవినల్లా తింటుందనీ తేల్చారు. అందువల్ల దాని పొట్ట చూస్తే ఆ చుట్టుపట్ల ఏమున్నదో తెలుస్తుంది.

ఆ చిరుజీవుల బతుకు మరీ విచిత్రం. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942 ప్రాంతాల, అమెరికా వారు నీటిలోకి ధ్వని పంపి లోతు కొలుస్తుంటే, లేనిచోట నేల తగిలింది. పగలు కిందకూ రాత్రి పైకీ జరిగే నేల! 1945 నాటికి అది నేల కాదనీ, ప్రాణులు కిక్కిరిసిన పొర అనీ తెలిసింది. పగలు వందల మీటర్ల కింద చీకటిలో దాగి, పొద్దుగూకగానే మేతకు పైకి వస్తాయి. లోకంలో ప్రాణుల వలసలన్నిటిలోనూ పెద్దది ఇదే, అదీ ప్రతిరోజూ. వాటిలో లాంతరు చేపలని ఉన్నాయి. పైనుంచి దిగే మసక వెలుతురుకు సరిపోయేట్టు పొట్ట కింద దీపాలు వెలిగించుకుంటాయి, కిందనున్న శత్రువుకు తమ నీడ కనబడకుండా.

ఇవి ఎన్ని ఉన్నాయి? 1980లో ప్రపంచం మొత్తం మీద వంద కోట్ల టన్నులన్నారు. 2014లో మరికొందరు, దానికి పదిరెట్లు కావచ్చునన్నారు. ఒక సున్న తేడా! మా ఆఫీసులో అయితే మెమో ఇచ్చి ఇంటికి పంపేవారు. ఇంత తేడా ఉన్న ఖాతాలోంచి, చేపపిండి కోసం ఇప్పుడే వాడుకుందామని కొన్ని దేశాలు చూస్తున్నాయి. రేపు సూర మేత కరువైతే రేవులో ఆ ముసలాయనకు చెప్పేదెవరు?

సముద్రం లేని మా హైదరాబాదులోనే 1999లో సముద్ర సమాచార కేంద్రం ఒకటి వెలిసింది, ప్రగతినగర్ వైపు. ఉపగ్రహం చూచిన నీటి రంగూ వేడిమీ బట్టి, చేపలెక్కడ దొరకవచ్చునో, సూరలతో సహా, జాలర్లకు కబురు పంపుతారు. కాని ఉపగ్రహానికి కనబడేది పైపొర పచ్చదనమే. ఆ పచ్చదనానికీ సూరకూ మధ్యనున్న భోజనం కనబడదు. అది కావాలంటే ఎవరో ఒకరు తెల్లవారకముందే బకెట్టు పట్టుకుని నిలబడాలి.

ఇక సంక్రాంతి సంగతి. అమ్మాయి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నాంపల్లిలో దిగింది. చేతిలో బిస్కెట్ల డబ్బా. అందులో పొట్లాలుగా కట్టిన చెవిరాళ్ళు. ఫార్మలిన్‌లో వేస్తే కరిగిపోతాయి గనుక పొడిగా ఉంచాలట. ఆ రాత్రి బల్ల దగ్గర కూర్చుని ఒక పొట్లం విప్పి, నిద్ర వచ్చి అట్లాగే వదిలేసింది.

రోజూ పొద్దున్నే పావురాలకు నూకలు వేయటం నాకలవాటు. కళ్ళజోడు పెట్టుకోలేదు. ఇంతకన్నా చెప్పనక్కరలేదనుకుంటాను.

“నాన్నా, ఇందులోవి ఏమైనాయి?” అన్నది, ఖాళీ కాగితం పట్టుకుని. దాని మీద పెన్సిలుతో 41 అని ఉంది. ముగ్గురం మోకాళ్ళ మీద పాకి డాబా అంతా వెతికాము. పదిహేడింటిలో ఆరు దొరికాయి. అది ఏడవలేదు, ఏడ్చినా బాగుండేది.

ఉండబట్టలేక, “మిగతా పొట్లాల్లో ఉన్నట్టే ఉంటాయి గదమ్మా, సగటు కట్టి రాసెయ్యి” అన్నాను.

అది తలెత్తి నా వంక చూచింది. “మీ ఖాతాలో అట్లా రాసేవారా, నాన్నా?”

నా దగ్గర జవాబు లేదు. రిజిస్టరు తెరిచి 41వ సూర వరుసను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టివేసి, వివరం గడిలో ‘పావురాలు’ అని రాసింది. రేవులో ఒక తెల్లవారుజాము మొత్తం ఆ గీత కింద పోయింది.

అది తిరిగి వెళ్ళేరోజున అబిడ్స్‌లో బిరడాలున్న హోమియో సీసాలు రెండు వందలు కొన్నాను. ఈసారి బేరమాడలేదు. ఒక్కొక్కదానికీ చీటీ అంటించి, నంబరు నేనే వేసి ఇచ్చాను. పావురాలు ఇప్పటికీ వస్తున్నాయి. నూకలు వేసేముందు కళ్ళజోడు పెట్టుకుంటున్నాను.