చేబ్రోలు పక్కన ఓ చిన్న సినగాగు

యూదుల వీధి అనగానే గుర్తొచ్చేది కొచ్చిన్! 1568 నాటి ప్రార్థనామందిరం, గడియార స్తంభం, నేలంతా నీలిపూల చైనా పలకలు... సినిమావాళ్ళకు రెడీమేడ్ సెట్టింగే! మరి మన కృష్ణా డెల్టాలో?

ఉందండీ! గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన, కొత్తరెడ్డిపాలెంలో. 1991లో వెలసిన ఈ సినగాగుకి హంగులేం లేవు. చిన్న మందిరం, అంతే. శుక్రవారం పొద్దుగూకితే సబ్బాతు మొదలు. వచ్చేవాళ్ళు 'బెనె ఎఫ్రాయిం' అనే మాదిగ కుటుంబాలవారు. ఇంట్లో తెలుగు, ప్రార్థనలో హీబ్రూ!

ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిం వంశం తమదంటారు. కొచ్చిన్ యూదులకు రాజులిచ్చిన రాగిరేకులున్నాయి. వీళ్ళకున్న శాసనం తాతల నోటిమాటే! ఆ మాటను ఇజ్రాయెల్ ఇంకా అధికారికంగా ఒప్పుకోలేదు. రాగిరేకు లేనివాడికి చరిత్ర ఉండదా? జవాబు మీరే చెప్పండి!