'వెరీ' : అర్థం అరిగిన మాట

ఇంగ్లీషు క్రియావిశేషణం 'వెరీ'కి మనం ఇచ్చే అర్థం 'మిక్కిలి'. 'వెరీ గుడ్', 'వెరీ బ్యాడ్' - మంచికైనా చెడుకైనా అది సమానంగానే ఊడిగం చేస్తుంది. ఆ మాట పుట్టుకలో ఉన్నది మాత్రం 'నిజం'.

లాటిన్‌లో 'వేరుస్' అంటే నిజమైన. దానినుంచి వచ్చిన 'వేరాక్స్' అంటే నిజం పలికే. జనవ్యవహారంలోని లాటిన్ మీదుగా ఇది ప్రాచీన ఫ్రెంచిలో 'వెరై' అయింది. జర్మన్ 'వార్' (నిజమైన), రష్యన్ 'వేరా' (విశ్వాసం) ఈ మాటకు జ్ఞాతులు. ఇలాంటి జ్ఞాతిపదాలను పోల్చి, భాషాశాస్త్రజ్ఞులు వాటి ఇండో-యూరోపియన్ మూలరూపాన్ని పునర్నిర్మించారు. అది ఏ రాతలోనూ దొరికింది కాదు గనక దాని ముందు నక్షత్రం గుర్తు ఉంచుతారు.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి పాలకవర్గ భాష అయింది. తీర్పు అనే అర్థంలో వాడే 'వెర్డిక్ట్'లో ఉన్నదీ ఈ 'నిజమే'. 'నిజంగా చెప్పినది' అని దాని వ్యుత్పత్తి. న్యాయస్థానాల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో శాసనం వచ్చింది. ఆ శాసనాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలోనే! ఈలోగా దొరల మాటలెన్నో జనం భాషలో కలిసిపోయాయి. చాసర్ 'వెరీ'ని 'నిజమైన' అనే అర్థంలో వాడాడు. పదిహేనో శతాబ్దానికి 'నిజంగా' కాస్తా 'మిక్కిలి'గా మారింది. అంతకుముందు ఆ పని చేసిన అచ్చ ఇంగ్లీషు మాట 'స్వీదె' మరుగున పడింది. దాని తొలి అర్థం 'బలంగా'. 'మిక్కిలి' అనే జర్మన్ మాట 'జేర్'కు తొలి అర్థం 'బాధగా'.

సత్యం, బలం, బాధ - నొక్కి చెప్పవలసి వచ్చినప్పుడు మనుషులు బతుకులోని బరువైన మాటలనే ఎత్తుకుంటారు. వాడగా వాడగా బరువు అరిగి, మోతాదు మిగులుతుంది. మన 'చాలా' కూడా 'చాలు' నుంచి వచ్చిందే. అయినా 'కూలి చాలా తక్కువ' అంటాం. చాలని కూలిని గురించిన ఆ వాక్యంలో 'చాలు' ఉందని ఎవరికీ తట్టదు.

ఈ అరుగుదల భాషకు పట్టిన జబ్బేమీ కాదు. జనం వాడుకలో ఉన్న ప్రతి భాషలోనూ జరిగేదే. కాని రచయిత దీన్ని గమనించాలి. 'అత్యంత', 'తీవ్రమైన', 'ఘోరమైన' అని విశేషణాలు పేర్చేవాళ్లు ఇప్పటికే అరిగిన నాణేలతో బేరమాడుతున్నారు. 'చాలా ఘోరమైన దారిద్ర్యం' అనేకన్నా, ఆ ఇంట్లో ఆ పూట ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో రాస్తే పాఠకుడికి దారిద్ర్యం తెలుస్తుంది.