డోరిస్ డే: పాట యొకటి, బ్రదుకు వేరొకటి

దైవము బలవత్తరమా, పురుషకారము బలవత్తరమా యను ప్రశ్న మన పురాణములంత ప్రాచీనమైనది. 1956లో నొక అమెరికా గాయని ఈ ప్రశ్నకు దైవపక్షమున సమాధానము చెప్పు పాటను లోకమంతటికిని వినిపించెను. ఆమె డోరిస్ డే. ఆ పాట 'కే సెరా సెరా'. 1965 నాటి 'తోడూ నీడ' చిత్రములో శ్రీమతి భానుమతి దానిని పాడుటచే మన యాంధ్రులకును అది పరిచితమే. అయితే ఆ గాయని జీవితమును పరిశీలించినచో, పాట చెప్పిన నీతిని ఆమె పాటింపలేదని మాకు తోచుచున్నది.

ఓహియో రాష్ట్రములోని సిన్సినాటి నగరమున 1922 ఏప్రిల్ 3వ తేదీని ఆమె జన్మించెను. తండ్రి సంగీతోపాధ్యాయుడు. బాలిక మనసు మాత్రము నృత్యముపై నుండెను. 1937 అక్టోబరులో ఆమె యెక్కిన కారును రైలు ఢీకొనుటచే కుడికాలు విరిగి, నర్తకి కావలెనను ఆశ యడుగంటెను. మంచము పట్టియున్న ఆ దినములలో రేడియోలో ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ గానమును విని, దానితో గొంతు కలుపుచు ఆమె గాత్రమును సాధించెను. కాలు పోగొట్టిన వృత్తిని కంఠము సంపాదించి పెట్టినది.

1945లో లెస్ బ్రౌన్ వాద్యబృందముతో ఆమె పాడిన 'సెంటిమెంటల్ జర్నీ' యుద్ధరంగమునుండి యిండ్లకు మరలుచున్న సైనికుల హృదయములను చూరగొనెను. 1948లో వార్నర్ సంస్థవారి చిత్రముతో ఆమె నటియయ్యెను. 1955లో రూత్ ఎటింగ్ అను గాయని పాత్రను ధరించి, గంభీర నటనయందును తనకు ప్రజ్ఞ గలదని నిరూపించెను. పైని చెప్పిన పాట మరుసటి యేటి హిచ్‌కాక్ చిత్రములోనిది. దాని రచయితలకు ఆస్కారు బహుమానము లభించెను. 'పిల్లో టాక్' (1959) చిత్రమునకు ఉత్తమనటి బహుమానమునకై ఆమె పేరు ప్రతిపాదితమయ్యెను.

1968లో భర్త మార్టిన్ మెల్చర్ మరణించెను. ఆమె వ్యవహారములన్నియు నాతని చేతిలోనే యుండెడివి. అంతకాలపు ఆర్జన హరించిపోయి, అప్పులు మాత్రము మిగిలినవని అప్పుడు తెలియవచ్చెను. అంతేగాక, టెలివిజన్ ధారావాహికలో ఆమె నటించునట్లు, ఆమె యెరుగకుండ, ఒడంబడిక జరిగియుండెను. భర్త తెలిసి చేసెనో, తానును వంచితుడయ్యెనో యను వాదము నేటికిని తెగలేదు. ఆర్జన యామెది, లెక్కలును సంతకములును పరులవి. అనర్థమంతయు నిచ్చటనే యున్నది.

ఆమె విధిని నిందించుచు కూర్చుండలేదు. ఆ ధారావాహికలో 1973 వరకు నటించెను. కుటుంబ ద్రవ్యమును నిర్వహించిన న్యాయవాదిపై వ్యాజ్యము వేసెను. 1974లో న్యాయస్థానము రెండుకోట్ల ఇరువదిలక్షల డాలర్లకు పైబడి ఆమెకు చెల్లవలెనని తీర్పు చెప్పెను. తుదకు చేతికందినది అందులో కొంత భాగమే. అయినను న్యాయము ఆమె పక్షముననే నిలిచినది.

అటుపిమ్మట ఆమె మూగజీవుల సంరక్షణకై 1978లో సంస్థను స్థాపించెను. 2004లో అమెరికా ప్రభుత్వము రాష్ట్రపతి స్వాతంత్ర్య పతకముతో ఆమెను గౌరవించెను. 2019 మే 13న, తొంబదియేడవ యేట, కాలిఫోర్నియాలో ఆమె కన్నుమూసెను.

కుటుంబములో నమ్మకము భూషణమే. కాని లెక్క చూచుట ఆ నమ్మకమునకు అవమానము కాదు. తమ యింటి స్త్రీల పేర గల భూములకు, నగలకు, రొక్కమునకు సంబంధించిన పత్రములను వారిచేత చదివించుచున్న గృహస్థులు మనలో ఎందరు గలరు? కానున్నదానిని విధికి విడుచుట పాటలో శ్రావ్యముగా నుండును. దస్తావేజు విషయమున నది తగదు.