మీ కారు పక్కకు లాగుతోందా?

కారు కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని రంగు గురించి, మైలేజీ గురించి, సీట్ల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. చక్రాల మాట మాత్రం పంక్చరైన రోజునే గుర్తొస్తుంది. నిజానికి ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు మన అరచేయంత ఉంటుంది, అంతే. పెద్దవాళ్ళనూ పిల్లలనూ ఎక్కించుకుని మనం ప్రయాణం చేసేది ఆ నాలుగు అరచేతుల మీదే. అవి నాలుగూ ఒకే దిక్కుకు చూస్తున్నాయా లేదా అని సరిచూసే పనినే వీల్ ఎలైన్‌మెంటు అంటారు. ఈ పని చేస్తామని బోర్డు పెట్టిన షాపులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అందులో మంచిది ఏదో తెలుసుకోవడమే కష్టం.

మా కుటుంబం బెంగుళూరులో స్థిరపడి మూడు తరాలైంది. అయినా చుట్టరికాలన్నీ చిత్తూరు వైపే. పెళ్ళికైనా, పెద్దకర్మకైనా కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా మొగిలి ఘాటు దిగి వెళ్ళవలసిందే. 2023 చివరలో మా కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. తిన్నగా పోవాలంటే స్టీరింగును కాస్త కుడికి తిప్పి పట్టుకోవాలి. బ్రేకు వేస్తే ఆ లాగుడు ఇంకా ఎక్కువయ్యేది. రాబోయే సంక్రాంతికి డెబ్బయ్యెనిమిదేళ్ళ మా అమ్మను తీసుకుని ఊరికి వెళ్ళాలి. "ఈ బండిలో ఘాటు దిగడానికి నేనొప్పుకోను" అని మా ఆవిడ తేల్చి చెప్పింది. ఆమె మాటలో న్యాయముంది.

షాపుల సంగతికి వచ్చేముందు అసలు విషయం రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఎలైన్‌మెంటులో ముఖ్యంగా మూడు కొలతలుంటాయి. పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉన్నాయా, బయటికి తిరిగి ఉన్నాయా అన్నది టో. ఎదుటి నుంచి చూస్తే చక్రం తల లోపలికి వాలిందా, బయటికి వాలిందా అన్నది క్యాంబర్. మూడోది క్యాస్టర్. సైకిలు ముందు ఫోర్కు కాస్త ఏటవాలుగా ఉంటుంది గదా, అటువంటి వాలే కారులోనూ ఉంటుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడానికి ముఖ్యంగా ఆ వాలే కారణం. మనం వాడే చిన్న కార్లలో చాలావాటికి మామూలుగా సరిచేయడానికి వీలున్నది టో ఒక్కటే. మిగతా రెండూ తప్పాయంటే ఏదో భాగం అరిగిందనో, వంగిందనో అర్థం.

కొద్ది తేడాకే ఏమవుతుందని కొట్టిపారేయకండి. చిన్న లెక్క వేద్దాం. టైరు ఎత్తు 600 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని ముందు అంచుకూ వెనక అంచుకూ నడుమ 3 మిల్లీమీటర్ల వంకర ఉంటే, అది 200లో ఒక వంతు. అంటే కిలోమీటరు ప్రయాణంలో ఆ టైరు సుమారు 5 మీటర్లు పక్కకు రుద్దుకుంటుంది. బెంగుళూరు నుంచి చిత్తూరు సుమారు 180 కిలోమీటర్లు. ఊరు చేరేసరికి టైరు దాదాపు 900 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టే! ఇక టైరు ఒక పక్క అరిగిపోవడంలో వింతేముంది?

నేను మొదట వెళ్ళిన షాపు అద్దాల గదులతో, చల్లని గాలితో ధగధగలాడుతోంది. కాఫీ కూడా ఇచ్చారు. పావుగంటలో పని ముగించి బిల్లు చేతిలో పెట్టారు. టైర్లలో గాలి ఎంతుందో చూడలేదు. బండి ఏం చేస్తోందని అడగలేదు. వారం తిరక్కుండా లాగుడు మళ్ళీ మొదలైంది. రెండో షాపులో కంప్యూటరు తెర మీద గీతలన్నీ ఆకుపచ్చగా చూపించి, "పర్‌ఫెక్ట్ సార్" అన్నారు. కాగితం అడిగితే ప్రింటరు పాడైందన్నారు. నెల తరువాత చూస్తే ముందు ఎడమ టైరు లోపలి అంచు నున్నగా గుండు గీసినట్టుంది. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మూడోది రేకుల షెడ్డు. నడిపేది కోలారు వైపు మనిషి, వయసు యాభై పైన. మన తెలుగే, కన్నడం కలిపి మాట్లాడతాడు. తాళాలు తీసుకోకముందే నాలుగు ప్రశ్నలు అడిగాడు. ఎప్పటినుంచి లాగుతోంది? బ్రేకు వేస్తే ఎక్కువవుతోందా? గుంతలో గట్టిగా పడిందా? టైర్లు ఎప్పుడు మార్చారు? తరువాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు నడిపాడు. గాలి సరిచేశాడు. బండిని పైకెత్తి, కింద ఒక ఇనుప కడ్డీ పెట్టి కదిపి చూపించాడు. ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్ చిరిగిపోయి, చక్రం ముందుకూ వెనక్కూ ఆడుతోంది.

"ఈ పొద్దు ఎలైన్‌మెంట్ చేసేది లేదు సార్" అన్నాడు. "ఇది పెట్టుకుని చేస్తే మీరు గేటు దాటేలోపలే మళ్ళీ తప్పుతుంది. జె.సి. రోడ్డులో కంపెనీ పార్టు మీరే కొనుక్కురండి. బిగించినాక చేద్దాం."

వచ్చిన బేరాన్ని వద్దన్న ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. కదిలే స్తంభానికి తూకపు గుండు పట్టి ఏం లాభం? మర్నాడు బుష్ మార్చి, ఆ తరువాతే చక్రాలు సరిచేశాడు. ముందు కొలతలు, తరువాతి కొలతలు పక్కపక్కనే ఉన్న కాగితం ఇచ్చాడు. అరిగిన టైరును మాత్రం మార్చక తప్పలేదు. మిగతావి అదృష్టవశాత్తూ బాగున్నాయి. 2024 సంక్రాంతికి అమ్మతో సహా అందరం సుఖంగా ఊరు చేరాం. ఇప్పటికీ టైర్లు అంచు నుంచి అంచుదాకా సమంగానే అరుగుతున్నాయి.

ఈ మూడు షాపుల అనుభవంతో పాఠకులకు కొన్ని గుర్తులు చెప్పగలను. మంచి షాపువాడు ముందు అడుగుతాడు, తరువాత నడిపి చూస్తాడు. యంత్రం జోలికి పోకముందు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టీలో ఉన్న ప్రకారం గాలి సరిచేస్తాడు. బండి కింద కీళ్ళూ బుష్‌లూ కదిపి చూస్తాడు. కంప్యూటరులో మీ కారు మోడలే ఎంచుకుంటాడు. స్టీరింగును తిన్నగా కట్టి బిగిస్తాడు. ముందూ తరువాతా కొలతల కాగితం అడక్కుండానే ఇస్తాడు. కొత్త కార్లలో అవసరమైతే స్టీరింగు సెన్సరును కూడా సరిచేస్తాడు. చివరికి మిమ్మల్ని కూర్చోబెట్టుకుని మరోసారి నడుపుతాడు. ఇందులో సగమైనా చేయని చోట మీ డబ్బు ఖర్చయినట్టే గాని పని జరిగినట్టు కాదు.

ఇంట్లో మీరే చేసుకోగల పరీక్షలు కూడా ఉన్నాయి. నెలకొకసారి టైరు మీద అడ్డంగా చెయ్యి పెట్టి నిమిరి చూడండి. రంపపు పళ్ళలా గరుకుగా తగిలితే టో తప్పి ఉండవచ్చు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే ఆ టైరు పని అయిపోయినట్టే. ఎనభై వేగంలో స్టీరింగు వణికితే సాధారణంగా అది ఎలైన్‌మెంటు లోపం కాదు, బ్యాలెన్సింగు లోపం. దానికి రిమ్ముకు చిన్న బరువు ముక్కలు అతికిస్తారు. మరొక మాట. వాన నీరు జారిపోవడానికి మన రోడ్లు అంచుల వైపు వాలుగా ఉంటాయి. అందుచేత కారు ఏ కాస్తో ఎడమకు జరిగితే కంగారు పడకుండా, చదునైన చోట మళ్ళీ చూసుకోండి.

ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి చూపించాలో మీ కారు పుస్తకంలో రాసి ఉంటుంది. పెద్ద గుంతలో పడినా, కొత్త టైర్లు వేయించినా ఆ గడువు దాకా ఆగవద్దు. ప్రయాణం రేపనగా పరుగెత్తకుండా, పదిరోజుల ముందే చూపించుకోండి. ఏ భాగమైనా మార్చవలసి వస్తే వ్యవధి ఉంటుంది. మీ ఊళ్ళో ఇటువంటి నిజాయితీపరుడైన పనివాడు ఉంటే ఆ సంగతి మీలోనే దాచుకోకండి. మన సంఘంలో పదిమందికీ చెప్పండి. అతనికి నాలుగు బేరాలు, మన పిల్లాపాపలకు క్షేమమైన ప్రయాణం!