ఒకే గదికి మూడు పేర్లు

మన యిండ్లలో ఒక్క మనిషికి ఎన్ని పేర్లు! తల్లి పిలుచు ముద్దుపేరు ఒకటి. బడిపట్టికలో వ్రాయబడిన పేరు వేఱొకటి. అత్తవారి గడప త్రొక్కగానే ఆ రెండును మఱుగుపడి వినవచ్చు ‘అల్లుడుగారు’ అను పిలుపు మఱియొకటి. మనిషి ఒక్కడే, పిలుచువారు మాఱినకొలదిని పేరు మాఱుచున్నది. ముద్దుపేరుతో ఉత్తరము వ్రాసినచో తపాలా బంట్రోతు ఇల్లు పట్టలేడు. బడిపట్టికలోని పేరుతో పిలిచినచో తల్లికి పరాయితనము తోచును. కంప్యూటరు స్మృతిలోని గదులకును ఇట్టి స్థితియే పట్టినది. ఒకే గదిని, నడచుచున్న ప్రోగ్రాము ఒక సంఖ్యతో పిలుచును. స్మృతిచిప్పులకు పోవు తీగెలపై వేఱొక సంఖ్య పోవును. డిస్కో నెట్‌వర్కు కార్డో తన వైపునుండి చూచునప్పుడు మూడవ సంఖ్య కానవచ్చును. ఈ మూడింటికి గల చుట్టఱికమును ఎఱిగి, ఎవరికి ఏ పేరు చెప్పవలయునో తప్పక చెప్పవలసిన భారము ఆపరేటింగ్ సిస్టమునకు హృదయమైన కెర్నెలుది. ఆ భారము దాని తలకు ఎట్లు చుట్టుకొన్నదో చెప్పదలచితిని.

తొలినాటి గణనయంత్రములలో పేరును చోటును ఒక్కటే. నూఱవ గది యనగా తీగెలను వెంబడించి పోయినచో చేతికి తగులు నూఱవ గదియే. స్మృతి చిన్నది, ప్రోగ్రాము పెద్దది. కావున ప్రోగ్రామును ముక్కలు చేసి, ఏ ముక్కను ఎప్పుడు అయస్కాంతపు డ్రమ్ముపైనుండి దింపవలయునో, ఏ ముక్కను మఱల ఎక్కింపవలయునో ఆ లెక్క యంతయు ప్రోగ్రాము వ్రాయువాడే మోయవలసియుండెను. గణితసమస్యను సాధింప గూర్చున్నవానికి సగముకాలము సామాను సర్దుటతోనే సరిపోవుచుండెను.

ఈ చిక్కును విడదీసినది ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయము. అచ్చట టామ్ కిల్బర్న్ నాయకత్వమున, ఫెర్రాంటీ సంస్థ తోడ్పాటుతో నిర్మితమైన ‘అట్లాసు’ అను యంత్రము 1962 డిసెంబరు 7న ప్రారంభింపబడినది. దానికి వేగముగల స్మృతి 16,384 పదములు మాత్రమే. పదమునకు 48 బిట్లు. దానికి వెనుక 98,304 పదములు పట్టు డ్రమ్ములుండెను. వేగస్మృతి రెండు మైక్రోసెకన్లలో బదులు చెప్పును. డ్రమ్ము ఒక్క చుట్టు తిరుగుటకే 12 మిల్లీసెకన్లు పట్టును. ఇంతటి అంతరముగల రెండు కొట్లను ఒకే కొట్టుగా కనబడజేయుట కిల్బర్న్ బృందము పూనిన కార్యము.

వారి యుపాయము చెప్పుటకు సులభము, తోచుటకు కష్టము. ప్రోగ్రాము వ్రాయువానికి 10,48,576 పదములకు చిరునామాలిచ్చిరి. అంత స్మృతి యంత్రమున లేకపోయినను అవి వట్టి పేర్లే కావున ఇచ్చుటకు అడ్డు లేకపోయెను. ఆ విశాలమైన నామరాశిని 512 పదములకొక పుట చొప్పున విభజించిరి. వేగస్మృతిలో అట్టి పుటలు 32 పట్టును. ఒక్కొక్క పుటస్థానమునకు కావలిగా ఒక్కొక్క రిజిస్టరును నిలిపి, ప్రస్తుతము అచ్చట ఏ పుట యున్నదో దానిలో వ్రాయించిరి. ప్రోగ్రాము ఒక చిరునామాను పలికినంతనే దాని పై 11 బిట్లు పుట సంఖ్యగాను, క్రింది 9 బిట్లు పుటలోని పదసంఖ్యగాను విడివడును. ఆ పుట సంఖ్యను 32 రిజిస్టర్లును ఏకకాలమున తమ సంఖ్యతో పోల్చుకొనును. ఒకటి సరిపోలినచో పని సాగును. ఏదియు సరిపోలనిచో యంత్రము ప్రోగ్రామును ఆపి, ‘సూపర్‌వైజరు’ అను పాలకప్రోగ్రామును లేపును. అది డ్రమ్మునుండి కావలసిన పుటను దింపించి, దేని అవసరము చాలసేపటివఱకు రాదని తోచునో ఆ పుటను డ్రమ్మునకు పంపించి, ఆగినచోటనే ప్రోగ్రామును మఱల నడిపించును. తాను ఆగితినన్న సంగతియే ప్రోగ్రామునకు తెలియదు. పేరునుండి చోటు వేఱుపడిన దినమది.

నేటి కెర్నెళ్లకు పూర్వికురాలైన ఆ సూపర్‌వైజరు నివసించిన చోటును దగ్గఱనుండి చూడదగును. అది సన్నని తీగెలతో నేసిన జాలి. దాని కన్నములలో చిన్న చిన్న కడ్డీలు దిగవేయబడియుండెను. ఏ కన్నమున ఎట్టి కడ్డీ యున్నదో దానిని బట్టి ఒకటియో సున్నయో పలుకును. 8,192 పదములు పట్టు ఆ స్థిరస్మృతిలోని ఒక్క అక్షరమును దిద్దవలయునన్నను చేయిపెట్టి కడ్డీని మార్పవలసినదే. నేడు కంటికి ఆనని కెర్నెలు కోడు అప్పుడు వ్రేలికొనకు తగులు వస్తువు.

అట్లాసులోనే మఱియొక బీజమును పడినది. చిరునామాయొక్క పై బిట్లను బట్టి అది ప్రధానస్మృతిదో, స్థిరస్మృతిదో, ‘వీ-స్టోరు’ అను మూడవదానిదో తేలుచుండెను. ఈ వీ-స్టోరు నిజముగా స్మృతి కాదు. పుటల రిజిస్టర్లును, టేపులు మొదలైన పరికరముల నియంత్రణబిట్లును స్మృతిగదుల వేషము ధరించి అచ్చట కూర్చుండెను. పరికరముతో మాటలాడుటకు వేఱు భాష యక్కఱలేదు, ఒక చిరునామాలో వ్రాసిన చాలును, ఒక చిరునామానుండి చదివిన చాలును అను భావమునకు ఇది తొలిరూపములలో నొకటి.

ఆ భావము 1970లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ వెలువఱచిన పీడీపీ-11 యంత్రమున వృక్షమైనది. ‘యూనిబస్’ అను ఒకే తీగెల వరుసపై ప్రాసెసరు, స్మృతి, సకల పరికరములును పంక్తిభోజనమునకు కూర్చున్నట్లు కూర్చుండెను. ప్రోగ్రామునకు కనబడు 65,536 బైట్లలో చివరి 8,192 పరికరములకు విడువబడినవి. కన్సోలు టెలిటైపునకు అందు నాలుగు గదులు. అష్టాంశ సంఖ్యామానమున 177560 మొదలుకొని రెండేసి బైట్ల యెడముతో 177566 వఱకు. ఒకడు మీటపై ‘ఏ’ అను ఆంగ్లాక్షరమును నొక్కినాడనుకొందము. ఆ యక్షరపు సంకేతమైన 65 రెండవ గదియగు 177562లోనికి వచ్చును. మొదటి గదిలోని ఏడవ సంఖ్యగల బిట్టు, ‘సరకు వచ్చినది’ అన్నట్లు, సున్ననుండి ఒకటిగా మాఱును. ప్రోగ్రాము ఆ బిట్టును చూచి, రెండవ గదిని చదివి అక్షరమును గ్రహించును. చదివినంతనే ఆ బిట్టు తనంతట తాను మఱల సున్న యగును.

ఈ కడపటి మాటపై ఒక్క క్షణము నిలువవలయును. స్మృతిగదిని ఎన్నిమాఱులు చదివినను అది మాఱదు. పరికరపు గదిని చదువుటయే ఒక క్రియ, ఒక సంఘటన. అది బావిలోనికి తొంగిచూచుట కాదు, చేద వేసి నీరు తోడుట. కావున ప్రాసెసరులకు క్యాషె యను చేరువకొట్టు వచ్చినపిమ్మట, స్మృతిలోని విలువను ఒకమాఱు తెచ్చి దాచుకొని పలుమాఱులు వాడుకొనుట లాభకరమైనను, పరికరపు గదుల విషయమున అదే అనర్థహేతువైనది. దాచుకొన్న పాత విలువను చూచుచు కూర్చున్నచో క్రొత్త అక్షరము వచ్చినట్లే తెలియదు. బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు పీడీపీ-11పై పెంచిన యూనిక్సు కెర్నెలు 1973లో సీ భాషలోనికి మాఱినప్పుడు ఈ గదులు ఆ భాషలో చిరునామాలను పట్టియుంచు సామాన్యమైన పాయింటర్లుగా ఒదిగిపోయినవి. ఆ సౌలభ్యముతోపాటు స్మృతికిని పరికరమునకును గల భేదము కంటికి కనబడకుండుట యను అపాయమును వచ్చినది.

ఇంటెల్ సంస్థ వేఱొక మార్గము పట్టినది. 1978 నాటి 8086 చిప్పులో పరికరములకు 65,536 ‘పోర్టులు’ స్మృతితో సంబంధము లేని ప్రత్యేకవీథిగా ఏర్పడినవి. ‘ఇన్’, ‘అవుట్’ అను ఆదేశములతోనే అచ్చటికి పోవలయును. వీథి వేఱైనప్పుడు పొరపాటు తక్కువ. కాని విశాలమైన స్మృతిగల పరికరములు వచ్చినకొలదిని ఆ వీథి ఇఱుకైపోయి, అవియు స్మృతి చిరునామాలనే ఆశ్రయించినవి.

ఇంతవఱకు పిలుచునది ప్రాసెసరు, పలుకునది పరికరము. వేగముగల పరికరములకు ఈ మర్యాద చాలలేదు. ఒక్కొక్క బైటును ప్రాసెసరు చేతిమీదుగా అందించుట జాగగుటచే, డిస్కునకే ఒక చిరునామా చెప్పి, ‘అచ్చట నీవే వ్రాసికొనుము’ అని విడుచు పద్ధతి వచ్చినది. దీనికే డీఎంఏ యని పేరు. ఇచ్చటనే మూడవ పేరు పుట్టినది. 1975 నాటి పీడీపీ-11/70 స్మృతికి 22 బిట్ల చిరునామాలు కలవు. పాత యూనిబస్ పరికరములు 18 బిట్లకు మించి పలుకలేవు. ఈ రెంటినడుమ ‘యూనిబస్ మ్యాప్’ అను దుబాసీని నిలిపిరి. పరికరము పలికిన చిన్న చిరునామాను అది పెద్ద చిరునామాగా మార్చును. ప్రాసెసరునకు అట్లాసు చేసిన యుపకారమును ఇది పరికరములకు చేసినది. పరికరములు పలుకు చిరునామాలను మార్చు నేటి ఐఓఎంఎంయూ దీని సంతతిదే.

1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఇంటెల్ 80386పై లినక్సును ప్రారంభించినప్పుడు, 4,096 బైట్ల పుటలతో అట్లాసు విద్య యంతయు ఆ చిప్పులోనే యుండెను. కాని తొలినాటి లినక్సులో కెర్నెలు తాను పలుకు సంఖ్య, స్మృతి సంఖ్య, పరికరము చూచు సంఖ్య, ఈ మూడును ఏకమైయుండెను. ఆ యేకత్వము యాదృచ్ఛికమని గ్రహింపక వ్రాయబడిన ‘డ్రైవర్లు’ అను పరికరచాలక ప్రోగ్రాములు చక్కగా పనిచేయుచుండెను. పనిచేయు తప్పును పట్టుకొనుట ఎంత కష్టము! కెర్నెలు ఇతర యంత్రములకు ప్రాకినప్పుడు గుట్టు బయటపడినది. ‘ప్రెప్’ పద్ధతికి చెందిన పవర్‌పీసీ యంత్రములలో ప్రాసెసరునకు సున్నయైన స్మృతిగది, ‘బస్సు’ అను తీగెల వరుసమీది పరికరమునకు 2,14,74,83,648గా కనబడును. అట్టిచోట ప్రాసెసరు సంఖ్యనే డిస్కునకు చెప్పినచో అది వినయముగా ఆ సంఖ్యవద్దకే పోవును. కాని అచ్చట దానికొఱకు ఎదురుచూచు గది లేదు.

కావున లినక్సు కోడులో పేర్లకు జాతులు ఏర్పడినవి. పరికరపు గదులను నేరుగా పాయింటరుతో తాకరాదు. ‘ఐఓరీమ్యాప్’ అను ఫంక్షను ద్వారా కెర్నెలు పుటల పట్టికలో వానికొక స్థానమును, సాధారణముగా క్యాషెలో దాచుకొనరాదను గుర్తుతోకూడ, సంపాదించి, ‘రీడ్‌ఎల్’, ‘రైట్‌ఎల్’ మొదలైనవానితోనే చదువవలయును, వ్రాయవలయును. పోర్టులకు ‘ఇన్‌బీ’, ‘అవుట్‌బీ’లు వేఱు. ఇది పరికరపు చిరునామా యని తెలుపు ముద్రను పాయింటరుపైననే వేయించి, దానిని సామాన్యస్మృతితో కలిపినచో ‘స్పార్స్’ అను పరీక్షకప్రోగ్రాము హెచ్చరించునట్లు చేసిరి. మూడు పేర్లను ఒకటిగా ఎంచు అజాగ్రత్త మానవసహజము. దానిని మనిషి జ్ఞాపకమునకు విడువక భాషలోనే కట్టుట వివేకము.

పూర్వము ప్రాసెసరు సంఖ్యకు ఏదో యొక స్థిరాంకమును కూడి బస్సు సంఖ్యగా మార్చు ఒక చిన్న ఫంక్షను లినక్సున నుండెను. ఒక యంత్రమునకు ఒక కూడిక చాలునన్న నమ్మకము దానికి మూలము. ఐఓఎంఎంయూలు వచ్చినపిమ్మట ఒకే స్మృతిగది ఒక కార్డునకు ఒక సంఖ్యగను, ప్రక్క కార్డునకు వేఱొక సంఖ్యగను, మఱియొక కార్డునకు అసలే కనబడకయు ఉండగలదు. ఏ కూడికయు ఆ తేడాలను తీర్పజాలదు. ఆ ఫంక్షను క్రమముగా డ్రైవర్లనుండి తొలగిపోయినది. నేటి డ్రైవరు ‘ఈ పరికరము కొఱకు, ఈ గదులకు ఒక చిరునామా దయచేయుము’ అని కెర్నెలును అడిగి పుచ్చుకొనును. అడుగునప్పుడు పరికరమును పేర్కొనక తప్పదు. పని ముగిసినంతనే ఆ చిరునామాను తిరిగి యప్పగించును. ఆపైని పరికరము పొరబాటున అదే సంఖ్యను పలికినను, కావలియున్న ఐఓఎంఎంయూ తలుపు తీయదు.